అమ్మేవాడే ముందు దూకాలన్న సత్తెమ్మ దీదీ

సూరాడ సత్తెమ్మ గారు ఇక లేరు. రాసింది నా చెయ్యే, చదువుతున్నవి నా కళ్లే, అయినా ఈ మాట నా మనసుకు ఎక్కడం లేదు.

మొన్న గురువారం పొద్దున నేను ఫీనిక్స్ బే జెట్టీలో ఉన్నాను. మెయిన్‌లాండ్ నుంచి ఓడలో వచ్చిన లైఫ్ జాకెట్ల మూటల్ని మా ఊరు బాంబూఫ్లాట్‌కు వెళ్లే ఫెర్రీకి ఎక్కిస్తున్నాం. మూటలు మోసే హమాలీ ఒకడు ఫోన్ చూసుకుని, "రాంబాబు భయ్యా, దీదీ చలీ గయీ" అన్నాడు. "ఏ దీదీ?" అన్నాను. మా దీవుల్లో కూరగాయలమ్మే ఆవిడా దీదీయే, బ్యాంకు మేనేజరమ్మా దీదీయే. "అరే, అప్నా దీదీ!" అన్నాడు వాడు, కళ్లు తుడుచుకుంటూ. నా చేతిలోని మూట జారి కాళ్ల మీద పడింది. బాంబూఫ్లాట్‌లో ఇంటి పేరూ ఒంటి పేరూ లేకుండా ఒట్టి దీదీ అంటే ఒక్కరే. తెల్లవారుజామున నిద్రలోనే ఆ గుండె ఆగిపోయిందట. ఊరందరి గుండెల్నీ అదరగొట్టిన ఆ గుండె ఆగడమేమిటి! నేను దిగ్భ్రాంతుడినై మూటల మీదే కూలబడ్డాను.

ముందురోజు సాయంత్రమే ఆవిడ నాకు ఫోన్ చేశారు. "రాంబాబూ, సామాన్ వచ్చీసిందటగా? ఆదివారం దూకుదుమా?" అన్నారు, సినిమాకు పిలిచినంత హుషారుగా. "దూకుదాం దీదీ" అన్నాను. మా ఇద్దరి మధ్య ఆఖరి మాటలు అవే. ఈ దూకడమేమిటో తెలిసినవాళ్లు ఈపాటికి కన్నీళ్లలోనే నవ్వుకుంటూ ఉంటారు. తెలియనివాళ్ల కోసమే ఈ వ్యాసం.

దీదీ తండ్రి శ్రీకాకుళం తీరం నుంచి వలలు భుజాన వేసుకుని ఈ దీవులకు వచ్చిన మత్స్యకారుడు. దీదీ ఇక్కడే పుట్టి, ఇక్కడి హిందీ బడిలో చదివి, ఈ బజారులోనే చేపల బుట్ట దించి, జనం ఓట్లతో జిల్లా పరిషత్తు మెట్లెక్కారు. ఆవిడకు తెలుగు చదవడం కన్నా మాట్లాడటం బాగా వచ్చు. మాట్లాడటం కన్నా పోట్లాడటం ఇంకా బాగా వచ్చు. మా దీవులకు శాసనసభ లేదు. మా చట్టాలన్నీ ఢిల్లీలో పుట్టి, సముద్రం దాటి మా దగ్గరకు వచ్చేసరికి సగం అలసిపోతాయి. అందుకని పరిషత్తు సభ్యురాలైన దీదీయే మాకు శాసనకర్త. ఆవిడ చేయించిన తీర్మానాల్లో ఒకటి ఎన్నో ప్రాణాలు కాపాడింది. నా ప్రాణాన్ని మాత్రం ముందు తీసినంత పని చేసి, ఆ తరువాత కాపాడింది!

వస్తువును చూసే ఆవిడ చూపే వేరు. దీవుల్లో ప్రతి వస్తువూ ఓడలో రావాలి. వచ్చేసరికి బిస్కెట్టు మెత్తబడుతుంది, పాలపొడి గడ్డ కడుతుంది, తేదీ దాటిపోతుంది. దీదీ కొట్టులోకి వచ్చి పొట్లాన్ని వెనక్కి తిప్పి, పురిటిబిడ్డ జాతకం చూసినంత శ్రద్ధగా తేదీ చూసేవారు. "మడిసికే కాదు, సామాన్‌కీ ఆయుష్షుంటాదిరా. ఈటికి సగం ఆయుష్షు ఓడలోనే అయిపోతాది" అనేవారు. తేదీ దాటిన పాలపొడి అమ్ముతున్న ఒక వ్యాపారిని ఆవిడ తిట్టలేదు, కొట్టలేదు. అంగడి ముందు కుర్చీ వేసుకుని, అదే పొడితో పాలు కలిపించి, "తాగు భయ్యా, నువ్వు తాగినాక నాను కొంటాను" అన్నారు. అతను ఆ గ్లాసు వైపు చూశాడు, జనం వైపు చూశాడు, ఆ పాలపొడి డబ్బాలన్నీ తనే ఏరి పక్కన పెట్టేశాడు.

అమ్మేవాడే ముందు అనే ఈ ధర్మం ఆవిడ పుస్తకాల్లో నేర్చింది కాదు, పుట్టింటి ఆచారం. వాళ్ల వాళ్లలో కొత్త నావను నీళ్లలోకి దించేటప్పుడు పసుపు రాసి, కొబ్బరికాయ కొట్టాక, నావ యజమాని ఎక్కడు. చేసిన వడ్రంగి ఎక్కాలి. అతన్ని ఒక్కణ్ణీ కూర్చోబెట్టి అలలు దాటించి, వెనక్కి తీసుకువచ్చాకే మిగతావాళ్లు కాలు పెడతారు. "వడ్రంగి ఎక్కని నావ నావ కాదు, కట్టె" అని తండ్రి అనేవాడని దీదీ ఎన్నిసార్లు చెప్పారో! ఆ మాటను పరిషత్తు దాకా ఎక్కించే రోజు ఒకటి వస్తుందని మాత్రం ఎవరూ అనుకోలేదు. ఆ రోజు మహా దుఃఖంలోంచి వచ్చింది.

రంగత్ ఊరి దగ్గర సముద్రంలో ఒక డింగీ, అంటే చిన్న పడవ, బోల్తా పడింది. అందులో దీదీ అక్క కొడుకు అప్పలరాజు ఉన్నాడు. కొత్తగా పెళ్లయినవాడు, జాగ్రత్తపరుడు. తక్కినవాళ్లు తిరగబడిన డింగీని పట్టుకుని వేలాడుతూ బతికారు. అప్పలరాజు ఒంటి మీద కొత్త లైఫ్ జాకెట్టు ఉంది. దాన్ని నమ్మి, సాయం తెస్తానని డింగీని వదిలి ఒడ్డు వైపు బయలుదేరాడు. అతనికి చేపలా ఈత వచ్చు. కానీ ఒంటికి కట్టుకున్న ఆ జాకెట్టు నీళ్లు పీల్చి పీల్చి బరువెక్కి, ఈత వచ్చినవాణ్ణే కిందికి లాగేసింది.

దినకార్యాలు అయ్యాక దీదీ ఆ జాకెట్టు పట్టుకుని మా కొట్టుకు వచ్చారు. మాది బాంబూఫ్లాట్‌లో తాతల నాటి కొట్టు. వల, తాడు, లంగరు, పడవల రంగు, లైఫ్ జాకెట్లు అమ్ముతాం. ఆ జాకెట్టు మా దగ్గర కొన్నది కాదు. ఆ సంగతి ఆవిడకూ తెలుసు. అయినా మా గుమ్మం ముందున్న నీళ్ల డ్రమ్ములో దాన్ని వేశారు. కాసేపు తేలింది. తరువాత ఒక పక్కకు ఒరిగింది. మేమందరం చూస్తుండగానే మెల్లగా అడుక్కు చేరింది. దీదీ దాన్ని పైకి తీసి చేపలు కోసే కత్తితో కోశారు. లోపల పాత పరుపుల స్పాంజి, గుడ్డ పీలికలు! పైన మాత్రం నాణ్యత ముద్ర ముత్యంలా మెరుస్తోంది.

"మార్కుంది కదా దీదీ" అన్నాను, నోరు ఊరుకోక.

"మార్కు ఈత కొడతాదేటిరా?" అన్నారు.

నేను తలదించుకున్నాను.

"నీ సామాన్ మంచిదేనా?"

"మంచిదే దీదీ."

"నీకెలా తెలుసు?"

"కంపెనీవాళ్లు చెప్పారు."

"ఆళ్లకెలా తెలుసు?"

ఆ క్షణంలో ఆవిడ కళ్లలో చూసిన దాన్ని కోపమనాలో శోకమనాలో నాకు ఇప్పటికీ తెలియదు.

పరిషత్తు సమావేశానికి దీదీ నిప్పుకణికలా వెళ్లారు. నకిలీ జాకెట్లు అమ్మే కొట్లన్నిటికీ తాళాలు వేయించాలన్నారు. ఆ సభలో బిశ్వాస్ దా అనే బెంగాలీ వకీలు సభ్యుడిగా ఉండేవాడు. దీదీతో ఎప్పుడూ వాదించేవాడు, ఎప్పుడూ ఆవిడ తెచ్చిన చేపల కూరే తినేవాడు. "దీదీ, తాళాలు వేసే అధికారం మనకు లేదు. మనం కొని జాలర్లకు పంచే సరుకు ఉంది చూడు, దానికి షరతు పెట్టే అధికారం మాత్రం పూర్తిగా మనదే" అని హిందీలో నచ్చజెప్పాడు. దీదీ కళ్లు మూసుకున్నారు. తెరిచేసరికి ఆ కళ్లలో వడ్రంగి ఉన్నాడు, నావ ఉంది! "ఠీక్ హై దాదా, రాయి. పరిషత్తుకి జాకెట్లు అమ్మినోడు, మూటలోంచి మేం తీసిచ్చిన జాకెట్టు తొడుక్కుని, జనం సూస్తుండగా జెట్టీ మీంచి దూకాల. తేలితే కొంటాం" అన్నారు. బిశ్వాస్ దా దాన్ని వకీళ్ల భాషలో పెట్టి రాశాడు. ఢిల్లీలో ఇంత చట్టం ఉండగా మళ్లీ ఇదెందుకని ఒకరు అడిగారు. "చట్టం ఢిల్లీది. నీళ్లు మనవి" అన్నారు దీదీ. సభ అంతా నవ్వింది, నవ్వుతూనే చేతులెత్తింది. తీర్మానం నెగ్గింది!

ఆ ఏడు పరిషత్తుకు జాకెట్లు ఇస్తామన్నవాళ్లలో మొదటి పేరు నాది.

ఇక్కడ నా పరమ రహస్యం ఒకటి చెప్పాలి. నాకు ఈత రాదు. దీవుల్లో పుట్టి, పడవ సామాను అమ్ముతూ, ఈత రాని మనిషి ఉంటాడని ఎవరికీ తోచదు కనుక ఎవరూ అడగలేదు. చిన్నప్పటి నుంచీ నీళ్లంటే నాకు ప్రాణభయం. నా భార్యకొక్కదానికే ఆ సంగతి తెలుసు. ఆ రోజు జెట్టీకి బయలుదేరుతుంటే, "వ్యాపారం పోతే పోయింది, ఇంట్లో కూర్చోండి" అని చెయ్యి పట్టుకుంది. వెళ్లకపోతే నా సరుకు నకిలీదని ఊరంతా అంటుంది. వెళితే నేనే ఉండను. ముందు నుయ్యి, వెనుక గొయ్యి అంటారే, నా ముందు ఏకంగా సముద్రమే ఉంది.

జెట్టీ మీద తిరునాళ్లలా జనం. ఫెర్రీ ఎక్కాల్సినవాళ్లు ఫెర్రీని వదిలేసి మరీ నిలబడ్డారు. దీదీ మూటలు విప్పించి, పైది కాదు, కిందిది కాదు, మధ్యలోంచి ఒక జాకెట్టు లాగారు. నాకు తొడిగి, తాళ్లు తనే బిగిస్తూ, నేను వెనక్కి వెనక్కి జరుగుతున్న సంగతి కనిపెట్టారు.

"ఏటైనాదిరా?"

"మొసలి ఉందేమో దీదీ. మొన్నే కనబడిందటగా."

"మొసలికి నీకన్నా మంచి తిండి దొరకదా? నిజం సెప్పు."

"ఈత రాదు దీదీ" అన్నాను, ఆవిడకొక్కరికే వినబడేట్టు.

ఆవిడ నా మొహంలోకి చూశారు. ఇక నన్ను వదిలేస్తారనుకున్నాను. పెద్దగా నవ్వి, నా వీపు మీద ఒక్క చరుపు చరిచి, జెట్టీ అంతా మారుమోగేట్టు చెప్పారు: "అరే సునో! ఈడికి ఈత రాదంట! ఇంతకన్నా మంచి సాచ్చి ఏడున్నాడు? ఈతొచ్చినోడు దూకితే తేలింది ఆడో జాకెట్టో ఎవుడికి తెలుస్తాది? ఈడు తేలితే జాకెట్టు తేలినట్టే!"

జనం ఈలలు వేశారు. ఆ తర్కానికి ఎదురేముంది! నా పరువు పోయింది, నా మాట మీద నమ్మకం మాత్రం ఆకాశానికంటింది. నేను దిక్కులు చూస్తుండగా దీదీ చెప్పులు విడిచారు. చీర కాసె పోసి బిగించారు. అరవై దాటిన మనిషి, పరిషత్తు సభ్యురాలు, లైఫ్ జాకెట్టూ గీకెట్టూ లేకుండా అక్కడి నుంచి నీళ్లలోకి దూకేశారు! పైకి తేలి, జుట్టు వెనక్కి తోసుకుని, రెండు చేతులూ చాచి, "దూకరా, నానున్నాను" అన్నారు.

దూకాను. ముక్కు మండింది, చెవులు హోరెత్తాయి, కులదైవం పేరు సగంలో ఆగిపోయింది. తరువాత ఏదో నన్ను చంకల కింద పట్టుకుని పైకి ఎత్తింది. దీదీ చేతులనుకున్నాను. కళ్లు తెరిస్తే ఆవిడ ఎడమ పక్కన, చెయ్యి చాపితే అందేంత దూరంలో, నన్ను ముట్టుకోకుండా ఈదుతున్నారు. నన్ను ఎత్తింది నా సరుకే!

"ఎలాగుందిరా సామాన్?" అని అరిచారు.

"తేలింది దీదీ!" అని అరిచాను. నా జీవితంలో అంత ఆనందంగా ఇంకే మాటా అనలేదు, పెళ్లినాటి మంత్రాలతో సహా.

తరువాత దూకవలసిన వ్యాపారుల్లో ఒకాయన తనకు జలుబన్నాడు. ఇంకొకాయన జాతకంలో జలగండం ఉందన్నాడు. వాళ్ల మూటలు వచ్చిన దారినే వెళ్లిపోయాయి. తడి చీర పిండుకుంటూ దీదీ నాతో అన్న మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది: "సూసినావా? ఏ మిషనూ అక్కర్లేదు. అమ్మినోడి మొకం సాలు."

దీదీ ఎన్నడూ పొరబడలేదని అంటే ఆవిడే ఒప్పుకోరు. మరుసటి ఏడు పాత జాకెట్లను నీళ్లలో వేసి చూస్తుంటే నేనిచ్చిన వాటిలో కొన్ని మునిగిపోయాయి. దీదీ బజారు మధ్యలో నన్ను నిలబెట్టి, "ముందు మంచివి సూపించి తరవాత సెత్త కలిపీసినావా?" అని కడిగిపారేశారు. నేను ఎంత మొత్తుకున్నా వినలేదు. ఆ కోపంతోనే పడవల్లోని జాకెట్లన్నీ లాక్కురావడానికి వెళ్లారు. అక్కడ ఏముంది? మావాళ్లు వేటకు వెళితే జాకెట్టు ఒంటికి తొడగరు. రెండు మడతలు వేసి తలకింద పెట్టుకుని పడుకుంటారు, లేస్తే దాని మీదే కూర్చుని వలలు బాగుచేస్తారు. లోపలి ఫోము నలిగి నలిగి అప్పడమైపోయింది. తేలే గుణం ఎప్పుడో పోయింది. దీదీ ఆ అప్పడాల్ని ఒక్కొక్కటే చేత్తో నొక్కి చూశారట.

ఆ సాయంత్రం, బజారు కిటకిటలాడే వేళ చూసుకుని, నన్ను తిట్టిన చోటుకే నన్ను పిలిచారు. "పొద్దున ఈణ్ణి తిట్టినాను. తప్పు నాది. అందరూ వినండి, తప్పు నాది" అని రెండుసార్లు అన్నారు. చాటుగా క్షమాపణ అడిగే పెద్దల్ని చూశాను. తిట్టిన గొంతుతోనే, తిట్టినంత గట్టిగా క్షమాపణ చెప్పిన పెద్ద మనిషిని మరొకరిని చూడలేదు. నాకు కళ్లనీళ్లు వచ్చాయి. ఆవిడకు రాలేదు, ఎందుకంటే అప్పటికే జాలర్ల వైపు తిరిగిపోయారు: "అమ్మినోడికి ధర్మం ఉన్నట్టే వాడినోడికీ ఉంటాదిరా! దిండు కావాలంటే మీ పెళ్లాల్ని అడగండి. జాకెట్టు మీద కూకున్నోడు రేపటి నుంచి బోటులో కూకోడానికి లేదు." ఇవాళ మా జెట్టీలో జాకెట్టు మీద కూర్చుంటే పక్కవాడు లేపుతాడు. అది ఏ తీర్మానంలోనూ లేదు, దీదీ నోటిచలవ.

మొదటి దూకుడు తరువాత నేను సిగ్గుపడి ఈత నేర్పించమని దీదీనే అడిగాను. ససేమిరా అన్నారు. "నేర్సుకుంటే నీ సాచ్చ్యం సెడిపోతాది. దీవులన్నిట్లో ఈత రాని యాపారివి నువ్వొక్కడివే దొరికినావు, నిన్ను పాడుసేసుకుంటానా?" అన్నారు. అలా ఆవిడ ఆజ్ఞ మీద నేటికీ నాకు ఈత రాదు. సరుకు వచ్చినప్పుడల్లా ఆవిడ నీళ్లలో నిలబడేవారు, నేను పైనుంచి దూకేవాణ్ణి. కిందటిసారి జ్వరంతో ఉండి కూడా నీళ్లలోకి దిగారు. "ఇవాళ్టికి వాయిదా వేద్దాం దీదీ, మీరు నీళ్లలో లేకపోతే నేను దూకలేను" అన్నాను. అప్పుడు మాత్రం నవ్వలేదు. "నన్ను నమ్మి దూకితే ఏటి లాభంరా? అప్పలరాజు పక్కన నానున్నానా? ఎవుడూ పక్కన లేనప్పుడు కాయడానికే కదా ఆ జాకెట్టు! సామాన్‌ని నమ్మి దూకాల. నాను ఎల్లకాలం నీళ్లలో ఉంటానా?" అన్నారు.

దీదీ చెప్పిన ఆదివారం రానే వచ్చింది. పరీక్ష వాయిదా వేద్దామని పెద్దలు అన్నారు. నాకూ లోపల అదే కోరిక. దీదీ కూతురు లక్ష్మి ఎర్రబడిన కళ్లతో నా దగ్గరకు వచ్చి, "మావయ్యా, అమ్మ ఉంటే వాయిదా ఒప్పుకునేదా?" అంది. జెట్టీ మీదికి నడిచాం. అంత జనంలో ఈల లేదు, మాట లేదు. లక్ష్మి మూట విప్పి, పైది కాదు, కిందిది కాదు, మధ్యలోంచి ఒకటి లాగింది. తాళ్లు బిగించింది. జాలరి కుర్రాళ్లు నీళ్లలోకి దిగబోయారు. నేనే వద్దన్నాను.

విద్యాధికుల కీర్తిని గ్రంథాలు మోస్తాయి, మహారాజుల కీర్తిని శిలలు మోస్తాయి. మా సత్తెమ్మ దీదీ కీర్తిని మా దీవుల చుట్టూ ఉన్న ఉప్పునీళ్లు మోస్తాయి. సముద్రం మీదికి వెళ్లి క్షేమంగా ఇల్లు చేరిన ప్రతి జాలరీ ఆవిడకు చేతులెత్తి మొక్కాలి. అటువంటి నిష్కపట హృదయం, అటువంటి వజ్రసంకల్పం మళ్లీ మాకు దొరకదు. ఈ లోటు తీరేది కాదు. తీరుతుందని ఎవరైనా అంటే నాకు కోపం వస్తుంది.

జెట్టీ అంచున నిలబడి కిందికి చూశాను. చాచిన చేతులు లేవు, వట్టి నీళ్లే ఉన్నాయి. భయపడ్డాను. దూకాను. ముక్కు మండింది, చెవులు హోరెత్తాయి. పైకి వచ్చి, అలవాటుగా ఎడమ పక్కకు చెయ్యి చాపాను. అక్కడ ఎవరూ లేరు. నేను మునగలేదు. జెట్టీ అంతా మారుమోగేట్టు, "తేలింది దీదీ!" అని అరిచాను.